ఆపితే ఆగే ఆట

ఖయ్యూం గురించి చెప్పాలంటే ముందు ఒక ప్లైవుడ్ గోడ గురించి చెప్పాలి. మణుగూరు బస్టాండు వెనక సందులో మాది జిరాక్స్ షాపు. పక్కది ఖయ్యూం సెల్‌ఫోన్ రిపేరు షాపు. ఒకప్పుడు రెండూ కలిపి ఒకటే మడిగె. యజమాని మధ్యలో ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి ఇద్దరికి కిరాయికిచ్చాడు. గోడకు చెవులుంటాయంటారు. మా గోడ మొత్తం చెవే. పదకొండేళ్లుగా అతను తుమ్మితే నేను ఇటునుంచి "నూరేళ్లు" అంటున్నాను, నా మిషన్‌లో కాగితం ఇరుక్కుంటే అతను అటునుంచి "వెనక మూత తెరువు అక్కా" అంటున్నాడు.

నా పేరు ఏంజెల్. బోర్డు మీద ఆ పేరు చదివి లోపలికి వచ్చినవాళ్లు, నా నోరు విన్నాక, పేరు పెట్టేటప్పుడు ఆరోగ్యం అనే పేరున్న మా నాన్న కొంచెం తొందరపడ్డాడని అనుకుంటారు. అనుకుంటే అనుకోనీ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ కథలో ఆ కోపానికి కూడా ఒక వాటా ఉంది, అందుకే ముందే చెప్తున్నాను.

ఖయ్యూంకు ముప్పై తొమ్మిదేళ్లు. వాళ్ల అసలు ఊరు నేలకొండపల్లి. తండ్రి జావీద్ సాబ్ గడియారాలు బాగుచేసేవాడు. బొగ్గుగనుల్లో మూడు షిఫ్టులు పనిచేసే మనుషులున్న ఊళ్లో గడియారాలకు పని ఉంటుందని ఒక చెక్కపెట్టె పట్టుకుని ఇక్కడికి వచ్చాడు. ఆయన కంటికి పెట్టుకున్న నల్లటి భూతద్దం ఇప్పుడు కొడుకు కంటికి వచ్చింది. ఇంట్లో భార్య షీరీన్, ఆరో తరగతి చదివే కూతురు ఫరహా. ఖయ్యూం చెయ్యి పెడితే చచ్చిన ఫోన్ లేస్తుందని మా సందులో అందరూ అంటారు. ఒక్క ఫోన్ మీద మాత్రం అతను పందొమ్మిది నెలలు చెయ్యి పెట్టలేదు. నేను చెప్పేది ఆ ఫోన్ గురించే.

పని లేనప్పుడు ఖయ్యూం ఆటలాడతాడు. ఫోన్లో ఆడే ఆటలు. అతను ఆడేవన్నీ ఒక్కడే ఆడేవి. ఒకదాంట్లో ఒక మనిషి గుర్రం మీద కొండలు దాటుతూ పోతుంటాడు. ఇంకోదాంట్లో ఒక ముసలాయన పాడుబడ్డ తోటను మళ్లీ బాగుచేసుకుంటుంటాడు. మాట్లాడేది లేదు, అరిచేది లేదు. కాలనీ కుర్రాళ్లు స్క్రీన్‌గార్డు వేయించుకోవడానికి వచ్చి అడుగుతుంటారు.

"భాయ్, మాకు ఒక మనిషి తక్కువున్నడు. నువ్వు దిగితే నలుగురం అయితం."

"నేను ఒంటి ఆటలే ఆడత."

"ఒక్కనివే ఆడితే ఏం మజా భాయ్?"

"ఇందుల ఆపితే ఆగుతది" అంటాడు ఖయ్యూం.

ఎవరడిగినా అతను చెప్పే కారణం అదొక్కటే. ఒకరోజు చాయ్ తాగుతూ నాకు కొంచెం విడమరచి చెప్పాడు.

"ఒంటి ఆటల నడుమ ఎవరన్న పిలిస్తే ఆపొచ్చు అక్కా. గుర్రం కాలు లేపింది లేపినట్టే నిలబడ్తది. నేను పోయి మాట్లాడి వచ్చి మళ్ల ఒత్తితే, అప్పుడు కాలు కింద పెడ్తది. నలుగురి ఆట గట్ల కాదు. జవాబు చెప్పేలోపట్నే నిన్ను కొట్టి పోతరు. అందుకే అందుల ఎవరు పిలిచినా ఎవరూ పలుకరు."

"అబ్బో, పాస్టరు గారు కూడా ఇంత మాట చెప్పడు" అని నేను నవ్వాను. అతను నవ్వలేదు.

నాకు నవ్వు ఎందుకొచ్చిందంటే, ఈ ఖయ్యూం ఒకప్పుడు ఇట్లాంటివాడు కాదు. రెండేళ్ల కిందటి దాకా అతనికి ఒంటి ఆట అంటే గిట్టేది కాదు. "ఎవ్వరూ లేని ఆట ఏం ఆట, సప్పిడి కూర తిన్నట్టు" అనేవాడు. విమానం నుంచి గొడుగులేసుకుని దీవిలోకి దూకి, తుపాకులతో కాల్చుకునే ఆట ఒకటి అతని ప్రాణం. జతగాడు దెబ్బ తిని పడిపోతే రెండోవాడు పక్కన కూర్చుని లేపాలి. అందుకని రోజూ సాయంత్రం నాలుగు గంటలకు గోడ అవతల "లేపు, లేపు! జల్దీ లేపు!" అని ఒకటే కేకలు. కొత్తగా వచ్చిన ఒక ముసలమ్మ ఆ కేకలు విని, పక్కన ఎవరికో మూర్ఛ వచ్చిందనుకుని నా షాపులోంచి నీళ్లచెంబు పట్టుకుని పరుగెత్తింది.

ఆ ఆటలో అతని జతగాడు లాల్‌సింగ్. ఊరి నుంచి అడవిలోకి పదకొండు కిలోమీటర్లు పోతే వచ్చే తండా అతనిది. ట్రాక్టరు డ్రైవరు, ఇరవై ఏడేళ్లు ఉంటాయేమో. పొలం దమ్ము చేస్తుంటే ఫోను బురదలో పడిందని తీసుకొచ్చాడు. అది ఆరేదాకా కూర్చోబెట్టి ఖయ్యూం అతనికి ఈ ఆట నేర్పాడు. అప్పటి నుంచి జత కుదిరింది. తండాలో సిగ్నల్ రాదు. తండాకు అర కిలోమీటరు అవతల ఒక పెద్ద బండ ఉంది, దాని మీద కూర్చుంటేనే వస్తుంది. అందరూ దాన్ని టవర్ బండ అంటారు. పని అయిపోగానే లాల్‌సింగ్ ఆ బండ ఎక్కేవాడు, ఖయ్యూం ఇక్కడ షాపులో స్టూలెక్కేవాడు. ముఖాలు చూసుకున్నది నెలకొకసారి సంతరోజే. గొంతులు మాత్రం రోజూ కలిసేవి. ఒక గొంతు గోడ అవతల, రెండో గొంతు అడవిలో, రెండూ నా నెత్తి మీద.

వాళ్లిద్దరికీ ఒక మాట ఉండేది. ఆట నడుస్తూ నడుస్తూ ఒక్కోసారి బిగుసుకుపోతుంది, మనిషి గోడలో ఇరుక్కుంటాడు. దాన్ని బగ్ అంటారనీ, బగ్ అంటే ఇంగ్లీషులో పురుగనీ ఖయ్యూం చెప్పాడట. లాల్‌సింగ్ విరగబడి నవ్వాడు. "బియ్యానికి పట్టినట్టు ఆటకు గూడ పురుగు పడ్తదా భాయ్!" ఆ రోజు నుంచి ఆట ఆగితే చాలు, ఇద్దరిలో ఎవరో ఒకరు "పురుగు పట్టింది" అనేవారు. రెండోవాడు "రీస్టార్ట్ కొట్టు" అనేవాడు. ఇటుపక్క నాకు కూడా అలవాటైపోయి, మిషన్ మొరాయిస్తే "పురుగు పట్టింది" అనడం మొదలుపెట్టాను.

ఆ ఆదివారం నాకు బాగా గుర్తు. తొలకరి పడ్డ వారం. పొద్దున చర్చికి పోయి వచ్చి, మధ్యాహ్నం షాపు తెరిచాను. మర్నాటికల్లా ఏవో దరఖాస్తులు ఇవ్వాలట, షాపు నిండా జనం. నాలుగయ్యేసరికి గోడ అవతల మొదలైంది. లేపులు, నవ్వులు. ఇక్కడ ఒకాయన ఆధార్ నంబరు చెప్తుంటే నాకు వినపడటం లేదు. స్టాప్లర్ తీసుకుని గోడ మీద రెండు దెబ్బలు వేశాను.

"ఏంది ఖయ్యూం! ఇది బజారనుకుంటున్నవా? సౌండ్ తగ్గియ్!"

వెంటనే తగ్గింది. ఎప్పుడు చెప్పినా తగ్గించేవాడు, మొండివాడు కాదు. కాసేపటికి "గెలిచినం!" అని ఒక్క కేక వినిపించింది. దానికి జవాబుగా అవతలి గొంతు వినపడలేదు. తగ్గించాడు కదా, అందుకే అనుకున్నాను.

మర్నాడు కబురొచ్చింది. లాల్‌సింగ్‌ను టవర్ బండ దగ్గర పాము కరిచింది. పత్తిచేలకు పోయినవాళ్లు తిరిగి వస్తూ, బండకు తండాకు మధ్య దారిలో పడి ఉన్న మనిషిని చూశారు. ఆటోలో వేసుకుని దవాఖానాకు తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఫోను బండ కింద పగిలి దొరికింది. ఖయ్యూం తండాకు పోయి మట్టి వేసి వచ్చాడు. మూడు రోజులు షాపు తీయలేదు. తీసిన తర్వాత అవతల చప్పుడు లేదు. గుర్రం ఆట అప్పుడే మొదలైంది. దోస్తు పోయిన బాధ, తగ్గుతుందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇంకో మాట కూడా అనుకున్నాను. హమ్మయ్య, ఇక ప్రశాంతంగా పని చేసుకోవచ్చు అనుకున్నాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

నెల తర్వాత లాల్‌సింగ్ భార్య ద్వాలి ఆ పగిలిన ఫోను తెచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, చంకలో ఇంకో పిల్ల, కొంగు పట్టుకుని ఆరేళ్ల పెద్దది. నేను అప్పుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

"అన్నా, ఇది బాగుచెయ్. ఆట ఆడుకుంట ఆయన మాటలు ఇందుల పట్టి పెట్టేటోడంట. బిడ్డ పెద్దగైతే నాయిన గొంతు ఇనిపియ్యాలె గద."

ఖయ్యూం ఆ ఫోనును రెండు చేతులతో తీసుకున్నాడు. "డిస్‌ప్లే తెప్పియ్యాలె" అన్నాడు.

అది మొదలు. ప్రతి సంతకూ ఆమె వచ్చేది. "అయిందా అన్నా?" అనేది. "డిస్‌ప్లే రాలే చెల్లె" అనేవాడు. ఆమె మరొక్క మాట అనకుండా వెళ్లిపోయేది. గొడవపడే మనిషైతే నాకు ఎప్పుడో అనుమానం వచ్చేది. పాత మోడలేమో, దొరకడం లేదేమో అనుకుని నేనూ ఊరుకున్నాను. అట్లా పందొమ్మిది నెలలు గడిచాయి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఖయ్యూం జుమ్మా నమాజుకు పోతూ "కొంచెం చూస్తుండు అక్కా" అని చెప్పి వెళ్లాడు. అప్పుడు ద్వాలి నా దగ్గరకే వచ్చింది. పింఛను కాగితాలు జిరాక్స్ తీయించుకోవాలి. కాగితాలన్నిటికంటే పైన లాల్‌సింగ్ మరణ ధ్రువపత్రం ఉంది. అది గాజు మీద పెట్టి మూత వేస్తుంటే ఆమె అంది:

"అక్కా, ఆ ఫోన్ ఇచ్చెయ్యమను. ఈ అన్నతోని అయితలేదు. మా తమ్ముడు హాతీరాం ఖమ్మం పోతున్నడు, అక్కడ చూపిస్తం."

వెతికి ఇస్తానని చెప్పి పక్కకు వెళ్లి సొరుగు తెరిచాను. అట్టడుగున తెల్ల కవరు, మీద "లాల్" అని ఖయ్యూం రాత. లోపల ఫోను. దాంతోపాటు సీలు విప్పని కొత్త డిస్‌ప్లే. దాని మీద అంటించిన చీటీలో తేదీ ఉంది. ద్వాలి ఫోను ఇచ్చిన వారానికే వచ్చింది అది.

ఆ పిల్లతో ఏం చెప్పను? "కనపడ్తలేదు చెల్లె. సంతరోజు రా, నేను దగ్గరుండి ఇప్పిస్త" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వస్తుందో ఆ రోజు తెలిసింది.

ఖయ్యూం టోపీ తీస్తూ లోపలికి వచ్చేసరికి కవరు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"సిగ్గు లేదా ఖయ్యూం? అది బిడ్డను ఎత్తుకొని పదకొండు కిలోమీటర్లు వస్తుంటే, సామాను సొరుగుల పెట్టుకొని రాలేదంటవా? చచ్చినోని గొంతు దాచుకుంటవా?"

అతను స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు, నా వైపు చూడకుండా, ఫోనునే చూస్తూ.

"ఆ రోజు ఆట నడుమ లాల్ ఏదో అన్నడక్కా. పురుగు పట్టింది అన్నట్టు ఇనబడ్డది నాకు. రీస్టార్ట్ కొట్టు, నేను చూస్కుంట అన్న. మళ్ల ఏదో అనబోయిండు. ఆఖరుకు ముగ్గురే మిగిలిన్రు, ఆడేది ఆగమైతదని ఆయన మాట బంద్ చేసిన. ఆయన బొమ్మ ఉన్నకాడనే నిలబడ్డది. నేనొక్కన్నే కొట్టి గెలిచిన. గెలిచినం అని ఒర్లిన గూడ." ఫోను తన వైపు లాక్కున్నాడు. "ఆయన పట్టింది అన్నడా, ముట్టింది అన్నడా? నాకు తెల్వదు. ఆయన రోజూ ఆటంత రికార్డు చేసేటోడు, ఆ ఒక్క అక్షరం ఈ ఫోన్ల ఉన్నది."

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. మా వైపు పల్లెల్లో, తండాల్లో పామును నోరారా పామనరు. అంటే పిలిచినట్టవుతుందని భయం. పురుగు అంటారు. కరిచింది అని కూడా అనరు, ముట్టింది అంటారు. బియ్యానికి పురుగు పడితే చెరిగి ఎండబోస్తారు. మనిషికి పురుగు ముడితే పరుగున దవాఖానాకు మోస్తారు.

"నీకు ఆ మాట తెల్వదా?" అన్నాను.

"తెలుసు. చిన్నప్పటిసంది ఇంటున్న. తెల్వకపోతే ఇంత బాధ లేకుండె. ఆయనకు అక్కడ ఇంకెవరున్నరు? తండాల సిగ్నల్ లేదు. ఆయనకు ఇనబడే గొంతు నాదొక్కటే. బండేసుకొని పోతే నాకు ఇరవై నిమిషాలు."

"మరి సరిగ్గ ఎట్ల ఇనబడలే? ఎప్పుడూ ఊరంత ఇనబడేటట్టు పెడ్తవు గద!"

ఖయ్యూం తల ఎత్తలేదు. అతను ఏమీ అనకపోవడం వల్లే నాకు గుర్తొచ్చింది. ఆదివారం. నాలుగు గంటలు. స్టాప్లర్.

"నేను గోడ కొట్టిన" అన్నాను.

"నీ పనికి అడ్డమైంది, కొట్టినవ్. దాంట్ల ఏమున్నదక్కా."

ఇరవై నెలలు ఈ మనిషి నా పక్కనే కూర్చుని, నా మిషన్ బాగుచేసి, చాయ్ పంచుకుని, ఈ మాట ఒక్కసారి కూడా నా మీద వేయలేదు. నేనైతే వేసి ఉండేదాన్ని. ఆ రోజే వాళ్ల ఇంటికి పోయి షీరీన్ ముందు నిలబెట్టి కడిగేసేదాన్ని. నాకు ఏడుపు వచ్చింది. అతని ముందే ఏడ్చాను.

"ఇప్పుడు బాగుచేసి ముందు మనం ఇనాల్నా?" అని అడిగాడు చివరికి.

"వద్దు. అది దాని మొగని మాట. దాని ముందటనే ఇందాం."

సంతరోజు ద్వాలి ఒక్కతే వచ్చింది. ఖయ్యూం షట్టరు సగానికి దించి, తండ్రి భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. వేడి గాలి పట్టి పగిలిన అద్దం మెల్లగా లేపాడు. నేను లైటు పట్టుకున్నాను. అర గంటలో అయ్యే పని గంటన్నర పట్టింది. ఫోను వెలిగాక తాళం గీత ద్వాలి గీసింది. అతను ఆగి, ఆమెకు అంతా ముందే చెప్పాడు. ఏం విన్నాడో, ఏం జవాబిచ్చాడో, ఎట్లా బంద్ చేశాడో. నాది నేను చెప్పాను. "పెట్టు" అంది.

తెర మీద ఆట బొమ్మలు. పచ్చటి కొండ మీద ఇద్దరు మనుషులు పరుగెత్తుతున్నారు. ముందు లాల్‌సింగ్ నవ్వు వినిపించింది. ఖయ్యూం బొమ్మ మిద్దె మీద నుంచి దూకి కాళ్లు విరగ్గొట్టుకున్నట్టుంది. "నేను దూకమంటె దూకుడేనా భాయ్! బావిల దూకమంటె గూడ దూకుతవా?" అని ఒకటే నవ్వు. ఇటునుంచి ఖయ్యూం తిట్లు, నవ్వు. ద్వాలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గొంతు విని ఆమెకు దాదాపు రెండేళ్లయింది.

తర్వాత చిన్నగా రెండు దెబ్బల చప్పుడు. నా స్టాప్లర్ అడవి దాకా వినిపించింది. ఇంకో నాలుగు నిమిషాలకు "అబ్బా" అన్నాడు లాల్‌సింగ్. బట్టలు దులుపుకున్న చప్పుడు.

"భాయ్. పురుగు ముట్టింది."

ముట్టింది. కోసిపెట్టినట్టు స్పష్టంగా ఉంది.

"పట్టిందా? రీస్టార్ట్ కొట్టు. నేను చూస్కుంట." అది ఖయ్యూం గొంతు, నవ్వు ఇంకా ఆరని గొంతు.

"కాదు భాయ్, గట్ల కాదు... భాయ్? భాయ్?"

రాళ్లు జారిన చప్పుడు. ఫోను పడింది. ఆట మాత్రం ఆగలేదు. తెర మీద లాల్‌సింగ్ బొమ్మ చెట్టు పక్కన కదలకుండా నిలబడి ఉంది. కొంచెం దూరం నుంచి అతని కేకలు, ఈసారి వాళ్ల లంబాడీ మాటలో. నాకు ముక్క అర్థం కాలేదు. ఒక్క మాటే మళ్లీ మళ్లీ వచ్చింది.

"ద్వాలీ! సాప్! సాప్!"

ఆ కేకల మీదనే తెర మీద గెలిచారన్న అక్షరాలు పడ్డాయి. కింద రెండు పేర్లు. ఖయ్యూం, లాల్.

ఖయ్యూం లేచి నిలబడ్డాడు. భూతద్దం కంటి నుంచి జారి కింద పడింది.

"సాప్ అంటున్నడు" అన్నాడు. "పామును మా ఇంట్ల ఉర్దూల సాంప్ అంటం. సాప్ అంటె నాకు సమజ్ అయ్యేది."

ద్వాలి అతని వైపు చూసింది. "నీకు తెలుసునా ఆ మాట?"

"అవ్."

"మరి మీరిద్దరు తెలుగుల ఎందుకు మాట్లాడుకున్నరన్నా?"

అతని భాష ఇతనికి రాదనీ, ఇతనిది అతనికి రాదనీ ఇద్దరూ అనుకున్నారు. మధ్యలో ఉన్న మాట పట్టుకుని మూడేళ్లు సుఖంగా నవ్వుకున్నారు.

"ఇంకేమంటున్నడు చెల్లె?" అని నేనే అడిగాను.

"పెద్దదాన్ని బండకాడికి పంపకు అంటున్నడు. రోజూ ఆ యాల్లకు పిల్లతోటి చాయ్ పంపేదాన్ని. ఆ రోజు పాలు ఇరిగినయ్, పంపలే. ఆయనకు తెల్వదు గద." ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత ఖయ్యూం వైపు తిరిగింది. అప్పుడు గొంతు మారింది. "ఏంది అని ఒక్క మాట అడుగకపోతివి. ఏంది లాల్, ఏమన్నవ్ అంటె అయిపోతుండె. అంతనే గదన్నా. ఒక్క మాట."

ఖయ్యూం గోడకు ఒరిగి ఏడ్చాడు. మేము ఆపలేదు. ఆమె కూడా ఓదార్చలేదు, ఓదార్చాలని నేనూ అనుకోలేదు.

కొంతసేపటికి అతను ముఖం తుడుచుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాడు. చేతనైన పని అదొక్కటే కదా. "చెల్లె, నా మాటలన్ని కోసేసి ఇస్త. బిడ్డ ఇనాలంటివి గద. దానికి ఒక్క దాని నాయిన గొంతే ఇనబడాలె. నాది వద్దు."

ద్వాలి చేయి చాపి ఫోను లాక్కుంది.

"ఏదీ కొయ్యకు. నీ మాట తీసేస్తే, ఆయన ఒక్కడే కూసొని పిచ్చోని లెక్క నవ్వినట్టుంటది."

ఫోను కొంగులో చుట్టుకుని, షట్టరు కింద నుంచి వంగి వెళ్లిపోయింది. మళ్లీ ఆమె ఖయ్యూం షాపుకు రాలేదు. నా దగ్గరకు కాగితాల పని మీద వస్తుంది, పక్కకు చూడకుండా పోతుంది. ఆమె అతన్ని క్షమించిందని నేను రాయలేను. కోయొద్దంది, అంతే నాకు తెలుసు.

గుర్రం ఆట ఇంకో రెండు వారాలు నడిచింది. ఆ తర్వాతి ఆదివారం నాలుగు గంటలకు నేను ఒక పొడుగు దరఖాస్తు నింపుతున్నాను. గోడ అవతల విమానం చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఫరహా గొంతు, ఇంట్లో నుంచి, ఫోనులో, తండ్రిని పిలుస్తూ. "అబ్బా, దూకు! దూకు!" తండ్రీకూతుళ్లు జతగా దిగినట్టున్నారు. చాలా చెత్తగా ఆడుతున్నారు. అవతలి పిల్ల ఏదో అనగానే ఇతను ఉన్నచోటే ఆగిపోతున్నాడు, ఎవడో వచ్చి కొట్టి పోతున్నాడు.

"అబ్బా, ఉరుకు! ఎందుకు నిలబడ్డవ్?"

"ఏంది బేటా? ఏమన్నవ్? మళ్ల చెప్పు."

"ఏం లేదబ్బా! ఉరుకు!"

"కాదు, మళ్ల చెప్పు. ఇనబడలే."

ఆట పోయింది. మళ్లీ మొదలుపెట్టారు. చప్పుడు పెరిగింది. నా ముందున్నాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, గోడ వైపు విసుగ్గా చూసి, "కొంచెం చెప్పమ్మా వాళ్లకు" అన్నాడు. స్టాప్లర్ నా చేతి పక్కనే ఉంది. దాన్ని సొరుగులో పెట్టి, ఆయన వైపు వంగాను.

"ఏంది పెద్దయ్యా?" అన్నాను. "మళ్ల చెప్పు."